గంపకి చెయ్యి

నా చిన్నప్పుడు మా నాయనమ్మ తలమీది ఎండుచేపల గంప ఇంకొకరి చెయ్యి పడకుండా కిందికి దిగేది కాదు. నిండు గంపని ఒక్క మనిషి దించుకోబోతే మెడైనా పట్టేస్తుంది, సరుకైనా నేలపాలవుతుంది. కళింగపట్నంలో బయల్దేరి వంశధార గట్టునున్న రైతుల ఊళ్ళు తిరిగేటప్పుడు ప్రతి వాకిట్లోనూ ఆవిడ “గంపకి సెయ్యెయ్యమ్మా” అని పిలిచేది. కొందరు గడప లోపల్నుంచే ధర అడిగేవారు. కొందరు చేతిలో పని వదిలేసి వచ్చి గంప దింపేవారు. ఈ రెండో రకం ఇళ్ళనే ఆవిడ “మన వాడిక” అనేది. ఆ రోజు వాళ్ళు చేపలు కొన్నారా లేదా అన్నది ఆవిడ పట్టించుకునేదే కాదు.

అలాంటి వాడిక ఇల్లు ఒకటుండేది. ఆ ఇంటి రైతమ్మకి నాకంటే కాస్త చిన్నదైన కూతురు, పాలు తాగే కొడుకు. ఆ పిల్లతో ఆడుకోవచ్చని బడి లేనినాడల్లా నేనూ నాయనమ్మ కొంగు పట్టుకుని వెళ్ళేదాన్ని. ఆ వీధిలోకి రాగానే ముందు పరుగెత్తి కేక వేయడం నాకు మహా సరదా.

ఒకనాడు అలాగే పరుగెత్తి, వాకిట్లో నిలబడి, “నెత్తళ్ళోయ్, కవ్వళ్ళోయ్” అని గొంతు చించుకున్నాను. ఎవరూ రాలేదు. వినబడలేదు కాబోలని మళ్ళీ అరిచాను, రాగం తీసి మరీ. నాయనమ్మ నా వెనక్కి వచ్చి నిలబడేసరికి రైతమ్మ బయటికొచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. కళ్ళు మా మీద ఉన్నాయే గానీ మమ్మల్ని చూడడం లేదు. అయినా అలవాటు చొప్పున నడిచొచ్చి, గంప దించడానికి రెండు చేతులూ పైకెత్తింది. ముందురోజే ఆ చంటివాడు జ్వరంతో పోయాడని మాకు తెలీదు.

నాయనమ్మకి ఆ ముఖం చూడగానే అర్థమైపోయింది. “ఓలమ్మా!” అంటూ వెనక్కి జరిగి గంప వదిలేసింది. చేపలు వాకిలంతా పడ్డాయి. వాటిని తొక్కుకుంటూనే వెళ్ళి, పైకెత్తిన ఆ చేతులు రెండూ పట్టుకుంది. నేను చేపలు ఏరబోతే కళ్ళతోనే వద్దంది.

పొద్దుగూకే వరకూ ఆవిడ ఆ అరుగు మీదనే రైతమ్మని ఆనించుకుని కూర్చుంది. ఓదార్పు మాటలేవీ అన్నట్టు నాకు గుర్తు లేదు. కాకులు మా చేపలు ఎత్తుకుపోతున్నాయి. అలా కేక వేసినందుకు సిగ్గుతో నేను తల ఎత్తలేకపోతున్నాను. ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది, కాసేపటికి నా ఒళ్ళో తల పెట్టుకుంది. నన్ను “అప్పా” అని, అంటే అక్కా అని, పిలవడం ఆ రోజే మొదలెట్టింది. చీకటి పడబోతుంటే నాయనమ్మ లేచి, వాకిలంతా తనే ఊడ్చి, ఖాళీ గంప చంకన పెట్టుకుంది.

ఇంటికెళ్తే నా వీపు చిట్లుతుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. ఏటి గట్టు మీద ఆగి ఇంతే అంది: “ఎన్నిమార్లు మన గంపకి సెయ్యేసినాదే ఆ తల్లి! ఈయేల దాని బరువుకి మనం సెయ్యెయ్యాల. కేకేసే ముందు ఆ ఇంట్ల ఏటవతన్నాదో సూసుకోవాల, గుంటా.” నేను బుర్ర ఊపాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

పెద్దయ్యాక ఆ రైతమ్మ కూతురికి రాజాంలో పెళ్ళయింది. మొగుడూ పెళ్ళాలూ కిరాణా కొట్టు పెట్టారు. నేను నాయనమ్మ వ్యాపారమే పట్టుకున్నాను. రాజాంలో నాకు మొదటి కొట్టు దానిదే. మిగతా కొట్లన్నిటికీ నన్ను చెయ్యి పట్టుకుని తిప్పి, “మా అప్ప సరుకు, కళ్ళు మూసుకుని తీసుకోండి” అని చెప్పింది. నా ఆటో ఆగిందంటే గల్లా వదిలేసి పరుగున వచ్చి బస్తా ఓ కొస పట్టుకుని దింపేది, పనివాళ్ళు పక్కనే ఉన్నా సరే.

2010 దాటాక అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చాయి. వ్యాపారమన్నాక నెట్‌వర్క్ పెంచుకోవాలని కాలేజీలో చెప్పారట, మా మనవరాలు నాకూ ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. “నెట్ అంటే వలే మామ్మా, నీకు నాను సెప్పాలా?” అని నవ్వింది. కొట్లవాళ్ళు, హోటళ్ళవాళ్ళు, టీచర్లు, నేను ముఖమైనా ఎరగనివాళ్ళు ఎందరో అందులో చేరారు. రోజూ పొద్దున్నే ఏ సరుకు వచ్చిందో నా గొంతుతోనే చెప్పి పెట్టేదాన్ని. అబ్బో, నా మిడిసిపాటు చెప్పకూడదు! అడుగు కదపకుండా అన్ని వాకిళ్ళలోనూ ఒకేసారి కేక వేస్తున్నానని మురిసిపోయాను.

ఒక పొద్దున ఆ గ్రూపులో రైతమ్మ కూతురి కొడుకు కబురు పెట్టాడు, తన తండ్రి పోయాడని. నేను చూడలేదు. ఎప్పటిలాగే మీట నొక్కి, రాగం తీసి, కవ్వళ్ళు వచ్చాయని కేక వేశాను. అది సరిగ్గా ఆ కబురు కిందనే పడింది. మధ్యాహ్నం మనవరాలు చూసి నోరు నొక్కుకుంది. దాని చేత దణ్ణం బొమ్మ ఒకటి పెట్టించాను. లోడు పంపించేసి వెళ్దామనుకున్నాను, అలా అనుకుంటూ ఐదు రోజులు పోనిచ్చాను. ముఖం చెల్లక ఆగానని అందరితో చెప్పాను గానీ, అది అబద్ధం. లోడు బేరం చెడుతుందని ఆగాను.

నేను రాజాం వెళ్ళేసరికి రైతమ్మ కూతురు గోడకి జేరబడి కూర్చుని ఉంది. తిట్టినా బాగుండును.

“నీ గొంతు ఇన్నాను అప్పా” అంది. “ఆయన్ని ఇంకా ఎత్తనేదు. ఎవులో ఫోను నొక్కినారు, నీ కేక ఇనబడ్డాది. మా అప్ప వొచ్చేసినాదనుకొని గుమ్మంలోకి లెగిసొచ్చినాను.”

దాని తల్లి కూడా నా కేకకే బయటికొచ్చింది. ఆనాడు గంప వదిలేయడానికి నా వెనక నాయనమ్మ ఉంది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. “ఊరుకో అప్పా” అని అదే నన్ను ఓదార్చింది. అంతకన్నా శిక్ష ఇంకేముంటుంది?

ఆ గ్రూపులో కేక వేయడం మానేశాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇంట్లో ఎలా ఉన్నారో అడిగాకే సరుకు మాట ఎత్తుతున్నాను. దాని కొట్టువాళ్ళు నా దగ్గర కొనడం మానలేదు. రాజాంకి సరుకు నేనే తీసుకెళ్తాను. ఆటో దిగి, బస్తా పక్కన కాసేపు ఊరికే నిలబడతాను. “బాగున్నావా అప్పా?” అని అది గల్లా దగ్గర్నుంచి పలకరిస్తుంది, నవ్వుతుంది కూడా. “ఒరే, అప్ప బస్తా దించండ్రా” అని పనివాళ్ళని పిలుస్తుంది. తను మాత్రం లేచి రాదు.