చెక్క మీద కూర్చునే అక్క

అరవైల మొదట్లో కోవూరు మిషన్ బడి పక్కన తోలుపని నేర్పే అక్క ఒకామె ఉండేది. తోలు సంచుల మీద పూల ముద్రలు కొట్టడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. తడిపి ముద్రలు కొట్టిన తోలు ఆరేటప్పుడు అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకని అక్క దాన్ని బల్ల మీద పరిచి, పూలు నలగకుండా మెత్తటి దుప్పటి కప్పి, పైన చెక్క పెట్టి, తానే ఎక్కి కూర్చునేది. రాళ్లు పెట్టొచ్చు గదా అంటే, “రాళ్లు మాట్లాడవు మే,” అనేది.

ఆ కూర్చున్నంతసేపూ నాతో కబుర్లే. మా ఇంట్లో నాతో అంతసేపు మాట్లాడినవాళ్లు లేరు.

ఆమెకు సూళ్లూరుపేటకు బదిలీ అయింది. బయలుదేరే రోజున నాది ఒక్క తోలు ముక్క ఆరబెట్టాల్సింది మిగిలింది. చెంబెడు నీళ్లు కూడా వృథా చెయ్యనిదాన్ని నేను, ఆ తోలు మీద కావాలనే నీళ్లు గుమ్మరించాను. అది ఆరేదాకా ఆమె లేవదనీ, ఈలోగా బస్సు వెళ్లిపోతుందనీ నా ఆశ.

అక్క తోలును వేలితో నొక్కి చూసింది. “ఇన్ని నీళ్లు పోసినావేంది మే?”

“పొరపాటైంది అక్కా.”

“నీకా, పొరపాటు?” అని నవ్వి, కాసేపు కూర్చుంది. బస్సు హారన్ వినబడగానే లేచి, నా భుజాలు పట్టుకుని తన చోట కూర్చోబెట్టింది. “కదలబాక. లేస్తే ముక్క పాడైపోద్ది.”

తోలు పాడుచెయ్యడానికి నాకు మనసొప్పలేదు. అలాగే కూర్చున్నాను. ముక్క చదునుగా ఆరింది. ఆమెను బస్సు దాకా సాగనంపలేకపోయాను.