ఉప్పెట్లుందప్పా?

పక్కవాడి నోట్లో ముద్ద ఎలా ఉందో తెలిస్తే తప్ప మా రంగయ్యకు తన ముద్ద గొంతు దిగదు.

యాభై ఆరు నాటి మాట. నేను నంద్యాల స్టేషన్ దగ్గర జట్కా తోలేవాణ్ణి. రంగయ్య బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. మధ్యాహ్నం ఇద్దరికీ మిల్లు సందులో ఆదిలక్ష్మమ్మ హోటల్లోనే భోజనం. హోటలంటే పెద్దదేమీ కాదు. ఒక పంక్తి తిని లేస్తే ఇంకో పంక్తి కూర్చోవాలి.

రంగయ్య మొదటి పంక్తిలో కూర్చునేవాడు. కూర్చునేవాడంటే అబద్ధమే. రెండు ముద్దలు తినీ తినకముందే లేచి, ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని, ఒక్కొక్క విస్తరి ముందు గొంతుక్కూర్చుని అడిగేవాడు.

"ఉప్పెట్లుందప్పా? పులుపు సాల్నా?"

హమాలీలు కారం చాలదనేవాళ్ళు. మిషన్ బడి పంతులు రాజరత్నం అదే పులుసుకు కళ్ళు తుడుచుకునేవాడు. పులుపు ఎక్కువని ఒకరంటే, అసలు పులుపే లేదని నేను. అందరి మాటా విని వంటింటి గడప దగ్గరికి పరుగెత్తి, లోపలికి ఏదో గొణిగి వచ్చేవాడు. అప్పటికి ఆయన విస్తట్లో అన్నం చల్లారి రాయిలా ఉండేది. నీకెట్లుందన్నా అంటే ఒక్కనాడూ చెప్పలేదు.

ఒకరోజు పంతులు నోట్లో ముద్ద ఉండగానే రంగయ్య మూడుసార్లు అడిగాడు. పంతులుకు పొలమారింది. ఆయన వీపు నిమురుతూనే రంగయ్య, "ఈ దగ్గు కారానికా, పులుపుకా?" అన్నాడు.

మాకు ఒళ్ళు మంట. ఎందుకంటే ఆదిలక్ష్మమ్మ వడ్డించకముందు ఎంగిలి చేసే మనిషి కాదు. గిన్నె మీద ఆవిరి వాసన చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది. ఆ ముక్కుకు నంద్యాలంతా దండం పెట్టేది. అట్లాంటి మనిషికి ఈయన పోయి చెప్పేదేంది?

అందుకే ఒకనాడు తొమ్మిదిమందిమి కూడబలుక్కున్నాం. పులుసులో ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా అందరం ఒకే మాట చెప్పాలి. ఆ హోటల్లో తొమ్మిది నాలికలు ఒక్కటవడం అదే మొదలు.

"ఉప్పే లేదప్పా."

తొమ్మిదోవాడూ అదే మాట అనేసరికి రంగయ్య ముఖం పాలిపోయింది. వంటింట్లోకి ఒకటే పరుగు. మేం చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుని నవ్వుకుంటున్నాం.

అప్పుడే ఆళ్ళగడ్డ నుంచి ఓబులేసనే ఆయన, ఇద్దరు బంధువులు దిగారు. కూతురు పెళ్ళికి వంట ఎవరికి అప్పగించాలో రుచి చూసి తేల్చుకోవడానికి వచ్చారు. ఈ పెళ్ళి దొరికితే వానల్లోపు కారే పైకప్పు మార్చుకుంటానని ఆదిలక్ష్మమ్మ నెలరోజులుగా మాకందరికీ చెప్తూనే ఉంది. వాళ్ళు ఆరోజే వస్తారని మాత్రం ఎవరికీ తెలీదు.

రెండో పంక్తిలో ఓబులేసు పులుసు కలిపి మొదటి ముద్ద పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు. చెంబెడు నీళ్ళు తాగాడు.

నేను వంటింట్లోకి పరుగెత్తాను. ఆదిలక్ష్మమ్మ ఉప్పు జాడీ పట్టుకుని నిలబడి ఉంది.

"సాలదన్నారంట కదప్పా. రెండు గంటెలేసినా."

రంగయ్య నన్ను పక్కకు లాగి మెల్లగా చెప్పాడు. "పోయినేడు విషజ్వరమొచ్చినాక అక్కకు వాసనా తెలీదు, రుచీ తెలీదు. పాలు మాడతాంటే పక్కనే నిలబడుండె. ఆ పొద్దే నాకు తెల్సింది. ఎవురికీ చెప్పాకు."

"నువ్వే రుచి చూసి చెప్పొచ్చు గదన్నా?"

"ముప్పై ఏండ్లు పొగాకు నమిలిన నాలికరా ఇది. దీనికి చక్కెరా సున్నమూ ఒకటే."

ఇన్నేళ్ళకు ఆదిలక్ష్మమ్మే చెప్పమంది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

రంగయ్య పోయి ఓబులేసు ముందు నిలబడ్డాడు. "ఆమె తప్పేం లేదప్పా. ఉప్పు కుమ్మరించింది నేను."

"నీకు వంటింట్లో ఏం పనప్పా?" అన్నాడు ఓబులేసు.

రంగయ్య తల వంచుకున్నాడు. ఎవర్నీ ఏమీ అడక్కుండా నిలబడిన రంగయ్యను నేను చూసింది అప్పుడే. ఇంక నా వల్ల కాలేదు.

"ఆయప్ప కాదు. ఉప్పు సాలదని అబద్ధం చెప్పింది మేము, తొమ్మిదిమందిమి."

ఓబులేసు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "చారు మీద గూడా చెప్పినారా?"

"లేదప్పా."

"అయితే చారు పొయ్యమను."

మూడుసార్లు పోయించుకున్నాడు. పెళ్ళి వంట ఆమెకే ఇచ్చాడు. రంగయ్యను కూడా రమ్మన్నాడు.

ఆళ్ళగడ్డలో మూడొందల విస్తళ్ళు. రంగయ్య మూడొందల చోట్లా గొంతుక్కూర్చుని అడిగాడు. ఆడపెళ్ళివాళ్ళు ఎంత మర్యాద తెలిసినవాళ్ళో అని మగపెళ్ళివాళ్ళు పొంగిపోయారు.

అప్పటినుంచి ఆయన అడిగితే మేం ముద్ద మెల్లగా నమిలి నిజమే చెప్పేవాళ్ళం. నిజం చెప్తే ఏ ఇద్దరి మాటా కలవదు. రంగయ్య గడప దగ్గర కాసేపు తల గోక్కుని, "అక్కా, సగం గంటె" అనేవాడు.

ఇంకొకటి కూడా అనుకున్నాం. ఆయన తిరగడం అయ్యేదాకా ఆయన విస్తట్లో అన్నం పెట్టకూడదని. మొదటిరోజు వచ్చి కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోగానే ఉలిక్కిపడ్డాడు. పంతులు వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుని అడిగాడు.

"ఎట్లుందప్పా?"

రంగయ్య ముద్దను ఆ బుగ్గకూ ఈ బుగ్గకూ తిప్పుకున్నాడు.

"కాలతాంది," అన్నాడు.