ఇదేడ పంటదే?

కామాటిపురలో, వరస గదుల్లో బోలెడు కాపురాలుండే మా చాల్‌లో మాది ఒకే గది. అందులో అమ్మ, నాన్న, నేను, నాయనమ్మ. పడుకోవడానికి ఎవరి జాగా వాళ్లది. తలుపు దగ్గర నాన్న, పొయ్యి పక్కన అమ్మ, మధ్యలో నేను, తలుపుకెదురు గోడవార నాయనమ్మ. పొద్దున బొంతలు చుట్టేస్తే ఆ నేలే వంటిల్లు, నేను చదువుకునే చోటూ అదే, చుట్టాలొస్తే కూర్చోబెట్టేదీ అక్కడే. ఇంకేం కావాలి చెప్పండి?

నాయనమ్మ వయసులో ఉండగా ఇసుకా సున్నమూ మోసి ఈ ఊళ్లో మేడలు లేపిన మనిషి. ఆమె ఆస్తి రెండు చీరలు, ఒక చెంబు, పాత చీరలతో కుట్టుకున్న బొంత. ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా, ఆఖరికి నా ప్లాస్టిక్ బొమ్మయినా సరే, ఒకటే అడిగేది.

"ఇదేడ పంటదే?"

ఎక్కడ పడుకుంటుంది అని. వస్తువుకూ జాగా కావాలి కదా, అది ఎవరి జాగాలోంచి పోతుందని ఆమె బెంగ. నేను పడీపడీ నవ్వేదాన్ని. అమ్మకు మాత్రం ఒళ్లు మండేది.

ఎనభైల్లో చాల్‌లోకి టీవీలూ, అద్దాల షోకేసులూ ఒక్కొక్కటే రావడం మొదలైంది. పక్కగది వాళ్లు షోకేసు కొన్ననాటి నుంచి అమ్మకు అన్నం సహించలేదు. "మనింట్ల సూడనీకె ఏమున్నది, గోడలు తప్ప?" అని నాన్న ప్రాణం తోడేసింది. చివరికి వడ్రంగి వచ్చి ఎదురు గోడ కొలిచాడు. బోలెడు చోటుందన్నాడు. అమ్మా నాన్నా తలూపారు.

ఖర్మ! కొలిచింది పట్టపగలు. బొంతలన్నీ చుట్టి మూలన పెట్టి ఉన్నాయి. చాల్‌లో ఇన్నేళ్లు బతికినవాళ్లు, పగటి గది వేరు, పడకల గది వేరని ఇద్దరికీ తట్టలేదు.

తను పడుకునే గోడవారే షోకేసు దిగిన రోజు నాయనమ్మ ఆ ప్రశ్న అడగలేదు. చీకటి పడుతుండగా బొంత చంకన పెట్టుకుని బయట, గదులన్నిటికీ ఉమ్మడి వరండా అయిన గ్యాలరీలోకి నడిచింది.

"అయ్యో, ఏడికి అత్తమ్మా? మేం జర సదురుకుంటం, రా!" అంది అమ్మ.

"ఉండనీయ్ బిడ్డా. ఈడ గాలి మంచిగొస్తది."

రేపు ఏదో ఒకటి చేద్దామన్నాడు నాన్న. ఆ రేపు రాలేదు.

ఖాళీ అరలు బాగోలేవని కప్పుల సెట్టు వచ్చింది. కప్పుల పక్కన వెలితిగా ఉందని బొమ్మలు, వాటికి తోడు ప్లాస్టిక్ పూలు. ఆ కప్పుల్లో మేం ఒక్కనాడు చాయ్ తాగితే ఒట్టు! అమ్మ రోజూ అద్దం తుడిచి, ఇంకా ఏదో తక్కువైనట్టు చూస్తూ నిలబడేది.

వానలు మొదలయ్యాయి. గ్యాలరీలోకి జల్లు కొట్టేది. లోపలికి రమ్మని అమ్మ బతిమాలితే, "వొచ్చి యాడ పండాలె?" అని నవ్వేది నాయనమ్మ. బొంత తడిసింది, దగ్గు పట్టుకుంది. వానలు వెలవకముందే పోయింది. డాక్టరు వయసన్నాడు. నాన్నా వయసే అన్నాడు. పోయినవాళ్ల పడక ఇంట్లో ఉంచుకోరు, అయినా అమ్మ ఆ బొంతను ఎవరికీ ఇవ్వకుండా ఆరబెట్టి దాచింది.

తర్వాత అమ్మ అద్దం తుడవడం మానేసింది. తలుపు తీసి ఉంటే షోకేసు అద్దంలో గ్యాలరీ నేల కనబడేది. "మీ నాయనమ్మ అండ్లనే పండుకున్నట్టు కానొస్తున్నది బిడ్డా" అంది ఒకరోజు. నేనూ చూశాను. ఖాళీ నేలే. కానీ భయమేసింది. ఆ తర్వాత ఆ అద్దంలో చూసుకుంటూ జడ వేసుకోలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ కప్పులూ బొమ్మలూ చాల్‌లో పంచేసింది. షోకేసును పాతసామాన్లవాడు మోసుకుపోయాడు. "దీని బదులు ఏం కొంటున్నరు?" అని పక్కగదామె అడిగింది.

"ఏం కొనం" అంది అమ్మ.

షోకేసు కింది నేల దుమ్ము కొట్టుకుపోయి ఉంది. అమ్మ రెండుసార్లు కడిగి, ఆరాక, గోడవారగా ఆ బొంత పరిచింది. తలుపు బార్లా తీసి, గ్యాలరీ వైపు తిరిగి, అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"అత్తమ్మా, లోపలికి రా. నీ జాగా ఖాళీ అయింది."

ఆ తలుపు మూయడానికి నాకు గానీ నాన్నకు గానీ చేతులు రాలేదు.