మూడో అధ్యాయంలో మబ్బు

కాలేజీలో నేను చెప్పే పాఠం, తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక వాళ్ళేలిన దేశాల్లో పుట్టిన నవలల గురించి. "ఈ నవలల్లో నేల అంటే మనుషుల వెనకాల వేలాడదీసిన పరదా కాదర్రా, అదీ ఒక పాత్రే" అని ఏటేటా గొంతు చించుకుంటాను. తీరా నేనే తెలుగులో ఒక నవల రాస్తే, అచ్చు వేస్తానన్న పెద్దమనిషి ఫోన్ చేసి, "మేడమ్, మూడో అధ్యాయంలో మనుషులే లేరండి. మబ్బు, మిరపకాయలు, అంతే. తీసేద్దాం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అధ్యాయం రాయాలనే కదా నవల మొదలుపెట్టింది! ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతో తేల్చి చెప్పమన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ప్రత్తిపాడులో మా పిన్ని కల్లానికి వెళ్ళాను. ఎండబోసిన మిరపకాయల పక్కన చెట్టు నీడలో పిన్నీ, ఇద్దరు కూలి ఆడవాళ్ళూ కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

"ఏంటే, మూతి ముడుచుకొని వచ్చావు?" అంది పిన్ని. సంగతి చెప్పాను.

"అయితే చదువు, ఇంటాం. పని చేతులకే గదా, చెవులు ఖాళీయే!"

తుమ్ముల మధ్యే ఫోన్‌లో చూసి చదవడం మొదలుపెట్టాను. కల్లంలో ఆరబోసిన కాయల మీదికి పడమటి నుంచి మబ్బు వస్తుంది. గాలి చల్లబడుతుంది. మట్టి వాసన కొడుతుంది. కాసేపటికి చూస్తే పిన్ని కునికిపాట్లు పడుతోంది. నా ప్రాణం ఉసూరుమంది. ఆ పెద్దమనిషి అన్నదే నిజమేమో అనుకుంటూనే, మొండికేసి తొలి చినుకు పడే చోటిదాకా చదివాను.

పిన్ని దిగ్గున లేచింది. "అమ్మో, వాన! కాయ తడిసిపోద్ది! పట్టాలు లాగండమ్మా!" అంటూ టార్పాలిన్ పట్టా కొస పట్టుకుని పరుగెత్తింది. ఆ కేకకు మిగతా ఇద్దరూ ఉరికారు. సగం కాయ కప్పేశాక గానీ ఒకావిడ తలెత్తి చూడలేదు. పైన నిప్పులు చెరిగే ఎండ. మబ్బు తునకైనా లేదు.

"ఓసి నీ అసాధ్యం కూలా! చదివి చంపావు గదే!" అని పిన్ని నన్ను తిట్టిపోసింది. ముగ్గురూ నేల మీద కూలబడి ఒకటే నవ్వు. నాకైతే ఆనందం పట్టలేక కళ్ళనీళ్ళొచ్చాయి. మిరప ఘాటని బుకాయించాను.

అక్కణ్ణుంచే ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి, "మూడో అధ్యాయం ఉండాల్సిందేనండి" అన్నాను.

"ఎందుకండీ?"

నేను నోరు తెరిచేలోగా పిన్ని ఫోన్ లాక్కుంది.

"అయ్యా, ఇక్కడ మేం కాయ కప్పుకున్నాం. ఇప్పుడు మబ్బు తీసేస్తానంటే ఎట్టా?"