ఆరిపోయే చొక్కా

ఇరవై ఏళ్ల కిందటి మాట. మే నెల మధ్యాహ్నం, కదిరి నుంచి నల్లమాడ పోయే బస్సు. నా ముందు సీట్లో ఒకామె, పక్కన కిటికీ దగ్గర ఆమె తమ్ముడు, ముప్పై ఏళ్లుంటాయి. బస్సు కదిలినప్పటి నుంచి ఆమె ప్లాస్టిక్ క్యానులోని నీళ్లు అతని నెత్తి మీద, చొక్కా మీద పోస్తూనే ఉంది. చొక్కా ఆరితే మళ్లీ పోస్తుంది.

మా ఊరికి వారానికి రెండుసార్లే ట్యాంకరు వచ్చేది. ఆ నీళ్లు నా కాళ్ల కిందకి పారుతుంటే ఒళ్లు మండింది.

"ఏమ్మా, తాగేదానికే నీళ్లు లేక చస్తాంటే, దొరకు బస్సులోనే స్నానం చేపిస్తాండావా?" అన్నాను. వెనక ఎవరో నవ్వారు.

ఆమె ఇటు తిరిగి, నా చెయ్యి పట్టి లాగి అతని మోచేతి మీద పెట్టింది. పెనంలా కాలుతోంది. అంత ఎండలోనూ చెమట చుక్క లేదు.

"చూడు. పుట్టినప్పట్నుంచి వీనికి చెమట పట్టదు. మాయమ్మ పుట్టింటి తట్టు నుంచి వచ్చిన జబ్బు. మా మేనమామ ఇట్లే చేన్లో ఎండకు పడి చచ్చిపోయినాడు. నీకు ఒంట్లోంచి వచ్చే నీళ్లు వీనికి నేను పొయ్యాల."

అతను కిటికీ బయటికే చూస్తున్నాడు.

నా నీళ్ల సీసా ఇచ్చాను. లాక్కుని, మొత్తం అతని వీపు మీద కుమ్మరించి, ఖాళీ సీసా నా ఒళ్లోకి విసిరింది.

"నవ్వినోళ్లు గూడా ఇయ్యండప్పా," అంది గట్టిగా. ఎవరూ ఇవ్వలేదు.

దిగేదాకా ఆమె మళ్లీ నా వైపు చూడలేదు. నా మొహం మీద చెమట ధారగా కారుతోంది. తుడుచుకోవడానికి సిగ్గేసింది.