గాలికి ఎదురు నడిచే ఇసాక్ బావ

మా బావ ఇసాక్ బ్యూక్స్‌కి తిండి పెట్టేది వేట, గిట్టనిది వేటగాళ్లు. ఈ మాట అతని మొహం మీదే చాలాసార్లు అన్నాను. "నిజమే," అని కాఫీ తాగేవాడు. ఒప్పేసుకునే మనిషితో పోట్లాట కూడా సాగదు, అదొక బాధ.

రెహోబోత్ ఊరి నుంచి పడమటి కొండల వైపు పోతే మట్టిరోడ్డు చచ్చిపోయే చోట అతని ఫామ్ ఉంది. పేరు ద్రూగ్‌పుట్స్, అంటే ఎండిన బావులు. పేరు పెట్టినవాడు ఎవరో గాని అబద్ధమాడలేదు. మూడు గదుల ఇల్లు, నీళ్లు తోడే గాలిమర, దాని కింద సిమెంటు తొట్టి, తుమ్మచెట్లు, రాళ్లు. మా అక్క డోర్తీని అతను ఆ ఇంటికే తీసుకొచ్చాడు. పిల్లలు కలగలేదు. అక్క పోయిన ఏడే కరువు కూడా వచ్చింది. గొర్రెల్ని అమ్మేశాడు. ఆ తర్వాత ఇంట్లో అతనొక్కడే, బయట గాలిమర చప్పుడు.

నేను రెహోబోత్‌లో ఉంటాను, బట్టలు కుడతాను. మా ఆయన పోయి చాలాకాలమైంది. డబ్బు కట్టి వేటకి ఎవరైనా వస్తుంటే బావ కబురు పెడతాడు, నేను వెళ్లి వండి పెడతాను. వాళ్లు వెళ్లగానే పికప్ బండిలో నన్ను మా ఇంటి గేటు దగ్గర దింపి, "ఉంటా రాఖెల్" అని బండి తిప్పుకుంటాడు. లోపలికొచ్చి కూర్చోమంటే, నీళ్ల పంపు చూడాలంటాడు. ఆ పంపుకి అంత చూడ్డానికేముందో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

వేట విషయంలో అతనికి కొన్ని పట్టింపులున్నాయి. వేటంటే కాళ్ల మీద నడవాలి. బండిలోంచి కాల్చకూడదు. నీళ్లు తాగడానికొచ్చినదాన్ని కాల్చకూడదు. పిల్లలున్న తల్లి జోలికి పోకూడదు. గాలికి ఎదురు నడుస్తూ, వంగుతూ, పాకుతూ దగ్గరికి చేరాలి. మన సంగతి దానికి ముందే తెలిసిపోతే అది గెలిచినట్టు, మనం టోపీ పెట్టుకుని ఇంటికి రావాలి. మందలోంచి వెళ్లగొట్టిన ముసలి మగవాటినే తీసుకోవాలి. గాయపరిస్తే దాన్ని పట్టుకునేదాకా వెనకాలే పోవాలి, దొరక్కపోయినా దొరికినట్టే లెక్క, డబ్బు కట్టాల్సిందే. అతని ఫామ్ చుట్టూ ఉన్నది కూడా గొర్రెలకి వేసిన పొట్టి కంచె. కూడూ జింకలు దాని మీంచి దూకుతాయి, గెమ్స్‌బాక్ జింకలు కింద దూరి పోతాయి. ఎవరి ఇష్టం వాటిది.

గట్టుకి అవతల పెద్ద లాడ్జి ఉంది. వాళ్లది ఆకాశమంత కంచె. అతిథులొచ్చే ముందు లారీలో జంతువుల్ని దింపుతారు. మనిషి చెయ్యి మీద మేత తిన్న జంతువులు, బండి చప్పుడైతే దాణా వచ్చిందనుకుని ఎదురొస్తాయి. "దొడ్లో కోడిని కాల్చుకుని ఫొటో దిగడం," అని ఉమ్మేసేవాడు బావ. అయినా అతిథులు అటే పోయేవారు. అక్కడ ఈత కొలనుంది. మన దగ్గరికొచ్చేది చేతిలో ఎక్కువ లేనివాళ్లు, వాళ్లు కూడా జేబులో టేపు పెట్టుకుని వచ్చేవాళ్లు, కొమ్ములు కొలవడానికి. టేపు చూస్తే బావకి ఒళ్లు మండేది. "కొలిస్తే కొమ్ము పెరుగుద్దా?" అని వాళ్ల ముందే అనేసేవాడు. వాళ్లు మళ్లీ వచ్చేవారు కాదు.

ఒకసారి అతిథులెవరూ లేకుండానే వెళ్లాను. అక్క పాత కుట్టుమిషను తెచ్చుకుందామని. సాయంత్రం వెనక తలుపు తీస్తే బావ తొట్టి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఎవరికో కబుర్లు చెబుతున్నాడు. ధరలు, మోకాలి నొప్పి, లాడ్జివాడి కొత్త గేటు, అన్నీ. అవతల తొట్టి అంచున ఒక ముసలి మగ గెమ్స్‌బాక్ నీళ్లు తాగుతోంది. బూడిదరంగు ఒళ్లు, మొహం మీద నల్లటి చారలు, నిటారుగా లేచిన కొమ్ము. ఒకటే. రెండోది సగంలో విరిగిపోయింది.

నన్ను చూడగానే అది మట్టి లేపుకుంటూ పోయింది. బావ మొహం ఎర్రబడింది.

"ఎవరితో మాట్లాడుతున్నావ్ బావా?"

"పంపుతో. వాషర్ పాడైంది."

"పంపుకి తోక కూడా ఉందే."

నవ్వలేదు. "వేటాడాల్సిన జంతువుకి పేరు పెట్టలేదులే, కంగారుపడకు," అన్నాడు. నేనడగని దానికి జవాబు చెప్పాడంటే, ఆ మాట తనకి తనే చాలాసార్లు చెప్పుకుని ఉండాలి. పేరు నేను పెట్టాను, ఒంటికొమ్ముది అని. కరువు ఏట మంద దాన్ని తరిమేసిందట. అక్క పోయిన కొన్నాళ్లకే తొట్టి దగ్గరికి వచ్చిందట. వచ్చిన ప్రతి వేటగాడికి బావ దాన్ని చూపించేవాడు, తన పట్టింపు ప్రకారం తీసుకోవలసింది అదే కాబట్టి. విరిగిన కొమ్ముని గోడకి ఎవరు తగిలించుకుంటారు? అందరూ పెదవి విరిచేవారు. బావ వాళ్లని తిట్టేవాడు. సాయంత్రం కాగానే కుర్చీ పట్టుకుని తొట్టి దగ్గరికి పోయేవాడు.

పోలండ్‌లో ట్రామ్ నడిపే బొగ్నా అనే ఆవిడ ఆ ఏడు వేటకి వద్దామని ఫోన్లో ప్రశ్నలు పంపడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర సిగ్నల్ రాదు. బావ రాళ్లగుట్ట ఎక్కి చదువుకుని, నేను వెళ్లినప్పుడు నాకు అప్పజెప్పేవాడు. కంచె ఎంత ఎత్తు? జంతువుల్ని కొని తెస్తారా? బండిలోంచి కాల్పిస్తారా? మాంసం ఎవరు తింటారు? నేను ఏమీ కొట్టకుండా వెళ్లిపోతే మీకు కోపమా?

"పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని అడగరు బావా," అన్నాను.

"అడగనీ. ఇన్నాళ్లకి ఒకరు అడిగారు." అతని మొహంలో అంత వెలుగు చూసి చాలాకాలమైంది. "ఆఖరిది వినిపించనా? మీ జంతువులకి మనుషులంటే భయం ఉందా, అని. ఏం రాశానో తెలుసా? మా దగ్గర మనిషి వాసన తగిలితే మూడు గుట్టలు దాటేదాకా ఏ జంతువూ ఆగదు, అందుకే నడిచే వేట అంటాం అని రాశాను."

ఆ జవాబు చూశాకే ఖాయం చేసుకున్నానని ఆవిడ తర్వాత నాకు చెప్పింది. చాలా చోట్ల కనుక్కుందట. చవగ్గా ఉన్నచోట కంచె ఉంది, కంచె లేనిచోట ధర ఆవిడకి అందదు.

బొగ్నా పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మాట తక్కువ. మొదటి రోజు నేను చేసిన మేకమాంసం పులుసు, నిప్పుల మీద కాల్చిన రొట్టె మారు అడిగి వేయించుకుంది. తిన్నాక బావ అడిగాడు, ఏం కావాలని.

"మీరైతే ఏది తీసుకుంటారో అదే," అంది. "ముసలిది. మందకి అక్కర్లేనిది. కొమ్ములు ఎలా ఉన్నా నాకు పర్వాలేదు. నేను టేపు తేలేదు."

ఎన్నో ఏళ్లుగా అతను ఎదురుచూసిన మాట అది. పొయ్యి దగ్గర్నుంచి నేను అతన్నే చూస్తున్నాను. కప్పు పైకెత్తినవాడు తాగకుండానే కింద పెట్టాడు.

"చూద్దాం," అన్నాడు.

పొద్దున్నే వెళ్లారు, ఎండెక్కాక ఉత్త చేతులతో వచ్చారు. గాలి తిరిగిపోయిందన్నాడు బావ. మర్నాడూ అంతే, గాలి మళ్లీ తిరిగిందన్నాడు. నాకు వేట తెలీదు గాని ఆ ఇంటి వంటగది తెలుసు. గాలి ఎటు వీస్తుందో చూడ్డానికి అతని దగ్గర చిన్న సంచి ఉంటుంది, అక్క తన పాత మేజోడుతో కుట్టింది. అందులో మెత్తటి బూడిద పోసుకుంటాడు. విదిలిస్తే పొగలా లేచి గాలి దారి చెబుతుంది. వేటకి వెళ్లే ప్రతి పొద్దునా నా పొయ్యి దగ్గర కూర్చుని బూడిద జల్లించుకుంటాడు. ఆ రెండు రోజులూ నన్ను బూడిద అడగలేదు. సంచి తలుపు పక్క మేకుకి వేలాడుతూనే ఉంది.

బొగ్నా స్నానానికి వెళ్లినప్పుడు సంచి తీసి బల్ల మీద అతని ముందు పెట్టాను.

"గాలి తిరిగిందని దీనికి తెలీదు పాపం," అన్నాను.

సంచిని వేలితో అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత, "వీపుకి గాలి పెట్టుకుని నడిచాను," అన్నాడు. "చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఆవిడకి తెలిసే ఉంటుంది."

"మరెందుకు?"

"అది పోతే సాయంత్రాలు ఎవరితో కూర్చోవాలి రాఖెల్?"

నేను రెహోబోత్‌లో ఉన్నాను, బండిలో వస్తే ఎంతో దూరం కాదు, నాకూ సాయంత్రాలున్నాయి. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ క్షణాన అక్క మీద కూడా కోపం వచ్చింది, ఈ మనిషిని ఇలా వదిలేసి పోయినందుకు. పైకి మాత్రం, "అయితే ఆవిడకి ఆ మాటే చెప్పు, లేదా సరిగా నడు. లాడ్జివాడిని తిట్టే నోటితో ఈ అబద్ధాలు చెప్పకు," అన్నాను.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి పొయ్యి ముందు కూర్చుని బూడిద జల్లిస్తున్నాడు. నా వైపు చూడలేదు.

ఆ రోజు జరిగింది బొగ్నా చెప్పింది, నా పక్కన కూర్చుని బంగాళదుంపలు చెక్కు తీస్తూ. బావ ఈ రోజు వరకూ ఒక్క ముక్క చెప్పలేదు. ఎండిన వాగులో తుమ్మచెట్ల నీడన ఒంటికొమ్ముది ఒంటరిగా నిలబడి ఉందట. బావ అడుగడుక్కీ సంచి విదిలిస్తూ, రాళ్ల మధ్య ఆవిడని పాకిస్తూ తీసుకెళ్లాడట. అంత బాగా నడిపించే మనిషిని తను చూడలేదంది. తుపాకీకి ఆసరాగా మూడు కర్రలు నిలబెట్టి, ఆవిడకి చోటిచ్చి పక్కకి జరిగాడట. ఆ జరగడంలో అతని టోపీ పొద మీంచి పైకి కనిపించింది. గెమ్స్‌బాక్ తలెత్తి చూసింది.

"ఇంకేముంది, పారిపోతుందనుకున్నాను," అంది బొగ్నా. "పారిపోలేదు. నడుచుకుంటూ మా వైపే వచ్చింది. ఇసాక్ చెయ్యి ఊపాడు, పొమ్మన్నట్టు. ఇంకా దగ్గరికొచ్చింది."

"మీరేం చేశారు?"

"తుపాకీ దించేశాను. మిమ్మల్ని చూసి వస్తోంది, దీన్ని నేను కాల్చలేను అన్నాను." దుంప గిన్నెలో వేసి ఇంకోటి తీసుకుంది. "ఆయన అక్కడే రాయి మీద కూర్చుండిపోయారు. మీరడిగిన దానికి అబద్ధం రాశానన్నారు. నాకేం కోపం లేదండీ. ట్రామ్ దిగి మా ఇంటికెళ్తే నాకు ఎదురొచ్చేవాళ్లు కూడా ఎవరూ లేరు."

చివరి రోజు ఆవిడకి గుట్టల అవతల ఒక ముసలి స్ప్రింగ్‌బాక్ జింక దొరికింది. బావ అలవాటు ప్రకారం ఒక రెమ్మ తుంచి దాని నోట్లో పెట్టాడు, ఆఖరి ముద్దగా. మాంసంలో మేం వండుకున్నది పోను బడి హాస్టల్‌కి పంపాం. వెళ్తూ బొగ్నా అతనితో చెయ్యి కలిపి, "మళ్లీ వస్తే మీ దగ్గరికే," అంది. అంత మంచి మాటకి కూడా అతను తల వంచుకునే ఉన్నాడు.

ఆవిడ వెళ్లిన సాయంత్రం నన్ను దింపడానికి బండి తియ్యలేదు. "ఒక పని ఉంది, రేపు వెళ్దువు," అన్నాడు. కుర్చీ తెచ్చి ఇంట్లో పడేశాడు. తొట్టి దగ్గర రాళ్లు ఏరి కుప్ప పెట్టాడు. నాకప్పుడు అర్థమైంది.

"అంత అవసరమా బావా? అలా ఉండనియ్యి ముసలిదాన్ని."

"అది మన కంచె కింద దూరి లాడ్జివాళ్ల రోడ్డు మీదికి పోతుంది. బండి ఆగితే, మనిషి దిగితే, నేనే అనుకుని దగ్గరికెళ్తుంది. కిటికీలోంచి కాలుస్తారు. దాన్ని అలా తయారుచేసింది వాళ్లు కాదు, నేను."

పొద్దు వాలుతుండగా అది వచ్చింది. బావ లేచి అరిచాడు. అది చెవులు నిక్కించి చూసింది, రోజూ వినే గొంతే కదా. మొదటి రాయి పక్కన పడింది. రెండోది భుజానికి తగిలింది. కాస్త దూరం పరిగెత్తి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. బావ ఏడుస్తున్నాడు. అక్క శవపేటిక దగ్గర కూడా ఏడవని మనిషి. ఏడుస్తూనే ఇంకో రాయి తీశాడు. తుపాకీ తెచ్చి ఆకాశంలోకి పేల్చాడు. అప్పుడు పోయింది, ఒంటి కొమ్ము చెట్ల మధ్య కనిపించి మాయమైంది.

మర్నాడు నేను వెళ్లిపోలేదు. నేనూ అడగలేదు, అతనూ బండి తియ్యలేదు. ఆ వేళ అది దూరంగా గుట్ట మీద నిలబడి తొట్టిని చూసింది, దిగి రాలేదు. అంత ఎండల్లో నీళ్లు లేకుండా ఎన్నాళ్లు ఉంటుందని నేను గింజుకున్నాను. మూడో సాయంత్రం బావ పెందలాడే లోపలికొచ్చి తలుపు వేశాడు. కిటికీ రెక్కలు మూశాడు. దీపం వద్దన్నాడు. బల్ల దగ్గర చెరో పక్కా కూర్చున్నాం, కాఫీ చల్లారిపోతోంది. గాలిమర ఆగింది. బయట గిట్టల చప్పుడు, ఆగి ఆగి. తర్వాత నీళ్లు పీల్చే చప్పుడు.

"వచ్చిందా?" అన్నాను.

బావ తలుపు వైపు మొహం పెట్టి వింటున్నాడు. చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు రాఖెల్," అన్నాడు. "లోపల మనుషులున్నారని తెలిస్తే భయపడుతుంది."