తుప్పు తుడవని ఫొటోలు

మంగళవారం పొద్దున అత్త ఫోన్ చేసి, "మామ లేడు బిడ్డా" అని పెట్టేసింది. నేను గౌలిపుర చేరేసరికి కుర్చీలో మా మేనమామ ఫొటో పెట్టి దండ వేసి ఉన్నారు. కలర్ ల్యాబువాడు కంప్యూటర్లో ఆయన చెంపల మీది అమ్మవారి మచ్చలన్నీ చెరిపేశాడు. "ఎవరి ఫొటో ఇది?" అని అరిచాను. దుఃఖం తట్టుకోలేక అరుస్తున్నాననుకుని ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు. నాకు వచ్చింది కోపం. అది ఆ ల్యాబువాడి మీద మాత్రమే కాదు.

మామ ఉప్పుగూడ స్టేషన్ దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపాడు. పెళ్లిచూపుల ఫొటోలో పిల్లను తెల్లగా చూపించమని అడిగితే, "మంచిగ చూపిస్త. ఇంకో పిల్లను మాత్రం చూపియ్య" అనేవాడు. డిజిటల్ కెమెరాలు వచ్చాక స్టూడియో మూతపడింది. ఇక మిగిలింది ఆయన పిచ్చి. ఫలక్‌నుమాలో పాత సామాన్ల దుకాణాలు తిరిగి, కీ ఇస్తే నడిచే రేకు బొమ్మలు ఏరుకొచ్చేవాడు. అత్త బియ్యం డబ్బా పక్కన కూడా ఒక రైలింజను ఉండేది. పాత బొమ్మలు సేకరించేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో ఒక అంగడి ఉందని, నెట్ సెంటర్లో పనిచేసే నేనే చెప్పాను.

ఒక్కో బొమ్మకు ఆరు ఫొటోలు తీసేవాడు. నాలుగు పక్కలు, అడుగు, చివరగా దెబ్బ తిన్న చోటు దగ్గరి నుంచి. వాటిని నేను ఆ అంగడిలో ఎక్కించేదాన్ని. కొన్నాళ్లకు ఆ అంగడి నడిపే కంపెనీ ఫొటోలకు కొత్త నియమాలు పెట్టింది. వెనక తెల్లగా ఉండాలి, నీడ పడకూడదు, బొమ్మ కొత్తదానిలా మెరవాలి. వాళ్ల ఆఫీసు నుంచి ఒకతను ఫోన్ చేశాడు.

"అంకుల్, ఆ తుప్పు బాలేదు. కంప్యూటర్లో క్లీన్ చేసి పంపండి."

"తుప్పు గూడ బొమ్మదే గద సార్. కొనేటోనికి కనవడాలె."

"క్వాలిటీ రూల్స్ అంకుల్, నా చేతిలో లేదు."

మామ చెయ్యనన్నాడు. వాళ్లే చేశారు. ఎర్ర ఫైరింజను బొమ్మకు ఒక చక్రం పోతే, ఎప్పుడో ఏ పిల్లాడో సోడా మూత బిగించాడు. ఆ మూత కనిపించే ఫొటోలన్నీ తీసేసి, కనిపించనిది ఒక్కటే ఉంచి, అందులోని తుప్పు చెరిపి పెట్టారు. మాకు ఒక మాటైనా చెప్పలేదు. పుణెలో ఒక పెద్దాయన అది కొన్నాడు. పార్సిల్ విప్పి చూసి మండిపడి, తిప్పి పంపాడు. కంపెనీ మామ ఖాతా మూసేసింది. కారణం: మోసపూరితమైన ఫొటోలు.

ఆ మాట తెలుగులో చెప్పమని మామ నన్ను రెండుసార్లు అడిగాడు. చెప్పాను. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అసలు ఫొటోలున్న సీడీ పట్టుకుని వాళ్ల ఆఫీసుకు బయలుదేరాడు. నేనూ వెళ్లాను. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఒక కుర్రాడు వచ్చి నిలబడే మాట్లాడాడు.

"సిస్టం తీసుకున్న నిర్ణయం అంకుల్."

"ఫొటో మీరు మార్చిన్రు. దొంగను నేనైననా?"

అతను సీడీ ముట్టుకోనైనా లేదు.

బస్సులో నేను తిట్టని తిట్టు లేదు. మామ సీడీ కవరు మీది దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాడు. "నీకు కోపం రాదా మామా?" అని ఆయన మీదే విరుచుకుపడ్డాను.

"ఎందుకు రాదు బిడ్డా? కోపంల చెయ్యి వణుకుతది. చెయ్యి వణికితే ఫొటో కదుల్తది. గందుకే ఆపుకుంట."

ఇంటికొచ్చాక, పుణె పెద్దాయనకు ఉత్తరం రాద్దామన్నాడు. తిరిగొచ్చిన పార్సిల్ మీది అడ్రసుకు, ఆరు ఫొటోలూ కడిగించి, కింద హిందీలో "అసలు బొమ్మ ఇది, క్షమించండి" అని నాతో రాయించి పంపాడు. పదిరోజులకు జవాబు వచ్చింది. "ఇవి ముందే చూసి ఉంటే తిప్పి పంపేవాణ్ణి కాను. ఆ సోడా మూత బండి నాకు కావాలి. మళ్లీ పంపగలరా?" మామ ఆ ఉత్తరం మూడుసార్లు చదివించుకుని, బొమ్మను పాత చీర ముక్కలో చుట్టి పోస్టాఫీసుకు నడిచాడు.

కథ అక్కడ ఆగి ఉంటే నేనూ మరచిపోయేదాన్ని. మరుసటి ఏడాది అదే కంపెనీ, అమ్మేవాళ్లకు ఫొటోలు ఎలా తీయాలో నేర్పే పేజీ ఒకటి పెట్టింది. "దెబ్బలు దాచకండి" అని రాసి, కింద నమూనాగా ఆ ఫైరింజనుకు మామ తీసిన ఆరు ఫొటోలు వేసుకుంది. పేరు లేదు. ఖాతా తెరవలేదు. నేను నాలుగు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. మామ మాత్రం నెట్ సెంటర్లో కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ చూసి, "నేర్సుకున్నరు, మంచిదే" అన్నాడు. నాకు మంచిదనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు. నేర్పినవాడిని దొంగను చేసి, ఆ చదువును తమదిగా చెప్పుకున్నారు.

కిందటి నెల నేను వెళ్లినప్పుడు మామ డాబా మీద ఉన్నాడు. పీట మీద ఒక రేకు పిట్ట. దాని ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, కెమెరా కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఎండ మీదికి మబ్బు వస్తోంది. అత్త కింద నుంచి అన్నానికి పిలుస్తోంది. కదలకుండానే, ఎడమ చెయ్యి ఒక్కటి వెనక్కి చాపి, ఆగమని నాకు సైగ చేశాడు.